గాలి పంటకూ కరవుంది!

కళ్లంలో శనగలు నూర్చి పెట్టారు. చేటలు సిద్ధం. కూలీలు సిద్ధం. గాలి మాత్రం లేదు! నూర్పిడి యంత్రాలు రాకముందు పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో ఇది మామూలే. తూర్పారబట్టాలంటే గాలి వీచాలి. వీస్తే గింజ ఒకవైపు, పొట్టు ఒకవైపు. వీయకపోతే కళ్లం దగ్గరే పడిగాపులు. ఈలోపు మబ్బు పట్టిందంటే రైతు గుండెల్లో దడే.

ఇప్పుడు కళ్లంలో ఆ ఎదురుచూపు లేదు. అది కరెంటు ఆఫీసుకు మారింది! పులివెందుల నుంచి పడమరగా అనంతపురం జిల్లాలోకి సాగితే ఉరవకొండ, బెళుగుప్ప ప్రాంతాల్లో ఎటు చూసినా గాలిమరలే. రాష్ట్రంలో వీటి మొత్తం సామర్థ్యం నాలుగు వేల మెగావాట్లకు పైనే. ఆ మరలు తిరిగితే చీనీ తోటకు నీళ్లు పెట్టే మోటారుకూ, ఇంట్లో మిక్సీకీ కాస్త చవగ్గా కరెంటు దొరుకుతుంది. తిరగకపోతే ఆ లోటును బొగ్గు కేంద్రాలు పూడ్చాలి, లేదంటే బయట ఎక్కువ ధర పెట్టి కొనాలి. ఆ భారం చివరికి సర్దుబాటు ఛార్జీల రూపంలో ఇంటి బిల్లులోకే వస్తుంది.

పదోవంతు తగ్గితే...

గాలి కాస్త తగ్గితే కరెంటూ కాస్తే తగ్గుతుంది అనుకుంటాం. లెక్క అలా ఉండదు. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. తగ్గేటప్పుడూ అంతే. వేగం పదోవంతు తగ్గితే శక్తి పావువంతుకు పైగా పోతుంది. చెంపకు తగిలే గాలిలో ఆ తేడా మనకు తెలియకపోవచ్చు. గాలిమరకు మాత్రం బాగా తెలుస్తుంది!

ఇంతకీ సీమకు ఈ గాలి ఎక్కడిది? నైరుతి రుతుపవనాలది. ఎండాకాలంలో భూమి వేడెక్కి ఇక్కడ పీడనం తగ్గుతుంది. సముద్రం మీద పీడనం ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే గాలిని అరేబియా సముద్రం మీదుగా ఇటు తోస్తుంది. మోసుకొచ్చిన తేమలో చాలా భాగాన్ని కేరళలో, కర్ణాటక తీరంలో పడమటి కనుమల దగ్గర దింపేసి, చేతులూపుకుంటూ కడప, అనంతపురాలకు వస్తుంది. అందుకే ఆషాఢంలో ఇక్కడ వాన తక్కువ, గాలి ఎక్కువ. వాన ఇవ్వని ఆ గాలే కరెంటు ఇస్తోందన్నమాట! దేశంలో ఏడాది మొత్తం తయారయ్యే పవన విద్యుత్తులో సగానికి పైగా మే నుంచి సెప్టెంబరు లోపే వస్తుంది.

ఆ నాలుగైదు నెలలూ గాలి మొహం చాటేస్తే? 2020 జులైలో అదే జరిగింది. మరలన్నీ ఉన్నాయి, గాలే బలహీనపడింది. దేశవ్యాప్తంగా పవన విద్యుత్తు అంతకు ముందు ఏడాది జులైతో పోలిస్తే బాగా పడిపోయింది.

సముద్రంలోనూ అంతే

నేల మీద గాలికి కొండలు, చెట్లు, ఇళ్లు అడ్డు. సముద్రం మీద ఆ బాధ లేదు. గాలి జోరుగా, నిలకడగా వీస్తుంది. 1991లో డెన్మార్క్ విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలు నిలబెట్టి ప్రపంచానికి దారి చూపింది. మన కేంద్ర ప్రభుత్వం 2015లో దీనికో విధానం ప్రకటించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్ర పవన విద్యుత్తు కోసం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది.

అయితే సముద్రంలో పెడితే బెంగ తీరిపోతుందా? 2021లో ఐరోపాకు జవాబు దొరికింది. ఆ ఏడాది ఉత్తర సముద్రం చుట్టుపక్కల నెలల తరబడి గాలి మందగించింది. సముద్రంలో వేలాది మెగావాట్ల మరలున్న బ్రిటన్ సెప్టెంబరులో పాత బొగ్గు కేంద్రాన్ని మళ్లీ వెలిగించాల్సి వచ్చింది.

మన తీరానికి ఇంకో బెడద కూడా ఉంది. గాలి గంటకు 90 కిలోమీటర్లు దాటితే చాలా మరలు తమను తాము ఆపేసుకుంటాయి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను గాలులు గంటకు 180 కిలోమీటర్లు! అక్కడ గాలి తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే.

వేడెక్కుతున్న కడలి

హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం 1951-2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. సముద్రం వేడెక్కితే భూమికీ దానికీ మధ్య పీడనం తేడా తగ్గుతుంది. తేడా తగ్గితే గాలిని తోసే బలమూ తగ్గుతుంది. 1980 నుంచి 2016 దాకా వివరాలు పరిశీలించిన హార్వర్డ్ శాస్త్రవేత్తలు, ముఖ్యంగా పశ్చిమ భారతంలో పవన శక్తి తగ్గుతూ వచ్చిందని 2018లో చెప్పారు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2022లో మరో మాట చెప్పారు. ముందు ముందు ఉత్తరాదిన గాలి తగ్గొచ్చు, దక్షిణాదిన పెరగొచ్చు, ఆంధ్రప్రదేశ్, తమిళనాడులకు అవకాశాలు బాగున్నాయి అని. ఒకటి గడిచిన కాలం లెక్క, ఇంకొకటి రాబోయే కాలం అంచనా. రెండూ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. నిన్నటి గాలి రేపూ అలాగే వీస్తుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు!

సీమ రైతు సూత్రం

మరి ఏం చేయాలి? సీమ రైతును అడిగితే చాలు. వేరుశనగ ఒక్కటే నమ్ముకోడు. నడుమ కంది సాళ్లు వేస్తాడు. ఇంటి ముందు రెండు గొర్రెలు, గాదెలో నాలుగు గింజలు ఉంచుకుంటాడు. కరెంటుకూ అదే సూత్రం. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సౌర విద్యుత్తు పార్కు ఉంది. ఎండ మండే నెలల్లో అది ఆదుకుంటే, మబ్బు పట్టే ఆషాఢంలో గాలిమర అందుకుంటుంది. మిగులు కరెంటు దాచుకునే గాదెలూ వస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల కేంద్రం అలాంటిదే. కరెంటు ఎక్కువున్నప్పుడు నీటిని పై జలాశయానికి ఎక్కిస్తారు. కొరత వచ్చినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. కొత్త మరలు పెట్టేటప్పుడు కూడా ఒకటి రెండు మంచి ఏళ్ల గాలి చూసి మురిసిపోకుండా, చెడ్డ ఏళ్లనూ లెక్కలో వేసుకోవాలి.

కళ్లంలో గాలి కోసం ఎదురుచూసిన పెద్దలు గాలిని ఎప్పుడూ తిట్టుకోలేదు. ఈరోజు రాకపోతే రేపు వస్తుందనుకున్నారు. అందాకా తినడానికి మాత్రం గాదెలో గింజలుంచుకున్నారు!