ఇరువురికి కనబడు కాటా

గుంటూరు మిర్చి యార్డులో బస్తా తూచునపుడు కాటాను కొనువాడును చూచును, అమ్మువాడును చూచును. అందుచేతనే ఆ తూకమును ఇరువురును నమ్ముదురు.

స్మార్టు మీటరు కూడ నొక కాటాయే. వాడిన విద్యుత్తు లెక్కను అది తానే కార్యాలయమునకు పంపును. సరఫరా ఎచట ఆగినదో, ఎచట వృథా యగుచున్నదో విద్యుత్తు సంస్థ త్వరగా తెలిసికొనగలదు. ఇది మేలే.

మన రాష్ట్రమున రైతుల పంపుసెట్లకు 2004లో ఉచిత విద్యుత్తు వచ్చినది. 2020లో వానికి మీటర్లు పెట్ట ప్రభుత్వము నిశ్చయింపగా, ఉచితము పోవునేమోయని పెక్కుమంది రైతులు శంకించిరి. ఆ శంక అజ్ఞానము కాదు. తమకు కనబడని లెక్కపై అపనమ్మకము. కావున కార్యాలయము చూచు లెక్కనే మిరపచేని రైతును తెలుగులో చూడగలుగవలెను.

బాలలారా! మీ యింటి మీటరు అంకెలను బిల్లుతో సరిపోల్చి పెద్దలకు చదివి వినిపింపుడు.