నడుమ వచ్చే శనివారం

గుడ్ ఫ్రైడే అంటే ఏమిటో మన సంఘంలో అన్ని మతాల కుటుంబాలకూ తెలుసు. బ్యాంకులకు సెలవు గనుక మరీ బాగా తెలుసు! ఈస్టర్ పండుగ సంగతీ తెలుసు. ఈ రెంటికీ నడుమ వచ్చే పరిశుద్ధ శనివారాన్ని మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. ఈసారి మన శీర్షికలో ఆ రోజు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

శుక్రవారం ప్రభువు సిలువపై ప్రాణం విడిచాడు. అరిమతయియ యోసేపు అనే ధనవంతుడు పిలాతును అడిగి ఆ దేహాన్ని తీసుకుని తన కొత్త సమాధిలో ఉంచాడు. యూదుల లెక్కలో పొద్దు గుంకితే కొత్త రోజు మొదలు. అంటే ఆ సాయంత్రమే విశ్రాంతిదినం వచ్చేసింది. గలిలయ నుంచి వెంట వచ్చిన స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం ఆ రోజు తీరికగా ఉండిపోయారని లూకా సువార్త చెబుతుంది. చేతిలో ద్రవ్యాలున్నాయి, చేయడానికి వీల్లేదు.

మత్తయి సువార్తలో ఇంకో విచిత్రం ఉంది. ఆ రోజు హడావుడి పడినవాళ్ళు ప్రభువును చంపించినవాళ్ళే. మూడు దినాలకు లేస్తానని ఆయన అన్న మాట వాళ్ళకు గుర్తుంది. పిలాతు దగ్గరకు వెళ్ళి, సమాధికి ముద్ర వేయించి, కావలి పెట్టించారు. శిష్యులు ఆ మాట తలుచుకున్నట్టు ఎక్కడా కనబడదు. దుఃఖంలో ఉన్నవాడికి వాగ్దానం గుర్తుకు రాకపోవడం సహజమే.

కతోలిక దేవాలయాల్లో ఆ పగలు పూజ ఉండదు. పీఠం మీద గుడ్డ కూడా ఉండదు. చీకటి పడ్డాక కొత్త నిప్పు రగిలించి, పెద్ద కొవ్వొత్తి వెలిగించి జాగరణ మొదలుపెడతారు. ఆ కొవ్వొత్తి మీద ఆ సంవత్సరపు అంకెలు చెక్కుతారు. ఒకప్పుడు ఈ జాగరణ జరుపుకుంటూ జరుపుకుంటూ శనివారం ఉదయానికే తెచ్చేశారు. పన్నెండవ పయస్ పోపుగారు 1951లో దాన్ని రాత్రి జరుపుకోవడానికి అనుమతిచ్చారు. 1956 నుంచి అదే నియమమైంది. ఎదురు చూడటం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తోంది కదా!

నేను కామర్సు చదివినవాణ్ణి. మా లెక్కల్లో సస్పెన్స్ అకౌంట్ అని ఒకటి ఉంటుంది. వచ్చిన మొత్తం ఏ పద్దుకు చెందుతుందో తేలకపోతే అందులో ఉంచుతాం. తోచిన పద్దులో వేసేసి చేతులు దులుపుకోవడం తప్పు. తేలేదాకా దాన్ని అక్కడే ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. పరిశుద్ధ శనివారం నాకు అలాగే కనిపిస్తుంది.

2017 నవంబరులో మా అమ్మ పోయింది. వచ్చినవాళ్ళందరూ "పరలోకంలో ఉంది, ఏడవకండి" అన్నారు. మా విశ్వాసమూ అదే. కానీ ఆదివారం చెప్పవలసిన మాట శుక్రవారమే చెబితే చెవికెక్కదు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయేవారు. ఆ వీధిలోని పెద్దాయన ఒకరు మాత్రం రోజూ వచ్చి, నాన్న పక్కన అరుగు మీద గంటసేపు ఊరికే కూర్చుని వెళ్ళేవారు. ఆయన ఉన్నంతసేపూ నాన్న లేవలేదు.

మా గోదావరి వైపు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముందురోజే గడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తారు. మరుసటి ఏడు, 2018లో, ఆ శనివారం సరిగ్గా మార్చి 31న పడింది. బ్యాంకువాడికి ఆ రోజు సెలవేమిటి? లెక్కల మధ్యలో ఉండగా తమ్ముడు ఊరినుంచి ఫోను చేశాడు.

"సున్నం వేయడం అయిపోయింది అన్నయ్యా. ఇంకేం చెయ్యాలి?"

"ఏమీ లేదురా. నాన్న దగ్గర కాసేపు కూర్చో" అన్నాను.

మన హిందూ కుటుంబాల్లోనూ పదిరోజులు బంధువులు వచ్చి కూర్చునే ఆచారం ఉంది. దుఃఖానికి దాని గడువు దానికి ఉంటుందని మన పెద్దలకు తెలుసు. సొంత ఊళ్ళకు దూరంగా బతుకుతున్న మనం మూడోనాటికే రైలెక్కవలసి వస్తోంది. అందుకని ఇక్కడ మన సంఘంలో ఎవరింట్లోనైనా కష్టం వచ్చినప్పుడు ఓదార్పు మాటల కోసం వెతుక్కోనక్కరలేదు. వెళ్ళి కూర్చుందాం. పదో రోజు దాటాక, అందరూ వెళ్ళిపోయాక, ఇంకోసారి వెళ్దాం.