యాన్యువల్ డేలో తప్పెటగుళ్ళకి పది నిమిషాలు



ఇండోనేషియాలో ఆచే అనే ప్రాంతం ఉంది. అక్కడి గాయో ప్రజల నృత్యం పేరు సమన్. కుర్రాళ్ళు భుజాలు ఆనించి వరుసగా మోకాళ్ళ మీద కూర్చుంటారు. చప్పట్లు కొడుతూ, ఛాతీ మీద, తొడల మీద చరుస్తూ, తామే పాడుతూ ఆడతారు. ఒక్కడు తడబడినా వరుసంతా చెదిరిపోతుంది. నేర్పే పెద్దలు వృద్ధులైపోతున్నారు, వారసులు కరువవుతున్నారు. అందుకే 2011లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడుకోవలసిన కళల జాబితాలో చేర్చింది.

అయినా ఆ దేశపు యువత ఆచే నృత్యాలను వదల్లేదు. 2018 ఆసియా క్రీడల ప్రారంభోత్సవంలో జకార్తా హైస్కూళ్ళ అమ్మాయిలు సుమారు 1,600 మంది ఇలాంటి నృత్యమే చేశారు. అక్కడి యువ గాయక బృందాలు విదేశాలకు వెళ్ళినప్పుడు ఇంగ్లీషు పాటలతోపాటు ఆచే నృత్యాన్నీ ప్రదర్శిస్తుంటాయి.

మరి మన శ్రీకాకుళం జిల్లా సంగతి? తప్పెటగుళ్ళు మీకు కొత్త కాదు. ఛాతీకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే ఆట. గంగమ్మను కొలుస్తూ యాదవులు తరతరాలుగా నిలబెట్టిన కళ. సమన్‌లాగే ఇక్కడా పాట, తాళం, అడుగు మూడూ ఆడేవాడివే. యాన్యువల్ డేలకి మాత్రం పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట, అద్దె డ్రెస్సులతో సరిపెడుతున్నాం.

"ఇన్ని వేలు ఫీజు కడుతున్నది ఇంగ్లీషు కోసం గానీ తప్పెట కోసమా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషు టీచర్‌గానే జవాబు చెబుతాను. చెప్పడానికి సొంత విషయం లేని పిల్లవాడు గైడులోని వ్యాసం అప్పజెబుతాడు. తప్పెట వాయించినవాడు దాని గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే మాటలు వెతుక్కుంటాడు. స్పోకెన్ ఇంగ్లీష్ వచ్చేది ఆ వెతుకులాటలోనే.

ఇంకొక్క మాట. మా తాత తప్పెట వాయిస్తాడని క్లాసులో చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లలు ఉంటారు. అదే తాతను బడి వేదిక మీద గురువుగా కూర్చోబెడితే ఆ సిగ్గు నిలవదు.

నేను కోరేది చిన్నదే. శనివారం చివరి పీరియడ్, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక గురువు, ఆయనకు తగిన పారితోషికం, అబ్బాయిలతోపాటు అమ్మాయిలకూ అవకాశం, యాన్యువల్ డేలో పది నిమిషాలు. వచ్చే పేరెంట్స్ మీటింగులో మీరే అడగండి. ఫీజు కట్టే మీ మాటకి మా మాట కంటే బలం ఎక్కువ.