అక్షహృదయమూ ఇరవై ఒకటీ

ఈసారి ఛందస్సుకు సెలవిచ్చి జూదం గురించి వ్రాస్తున్నాను. తెలుగు పండితుడికి పేకముక్కలతో పనేమిటని నవ్వుకొంటే నవ్వుకోండి.

ఇక్కడ మల్కాపురంలో ఒకప్పుడు నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు మొన్న ఇంటికి వచ్చాడు. గోవాలో మాండవీ నది మీది జూదపు నౌకలో బ్లాక్‌జాక్ మరిగి, తరువాత ఫోనులోనూ అదే ఆడి, ఇంటికోసం దాచుకొన్న సొమ్మంతా పోగొట్టుకొన్నాడు. (మన రాష్ట్రం 2020లోనూ, కేంద్రం 2025లోనూ ఈ ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. దొడ్డిదారులు మాత్రం మూతపడలేదు.) "నాకు లెక్క తెలుసు మాస్టారూ! అదృష్టమే కలిసి రాలేదు" అన్నాడు. ఆ లెక్కేమిటో చెప్పించుకొన్నాను.

ఆట చిన్నది. ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా, పంచేవాడికంటె పైన ఉండాలి. ఆటగాడు ముందు ముక్క తీయాలి, దాటితే పందెం అప్పుడే పోతుంది. ఆ వెనుక పంచేవాడూ దాటినా తిరిగి రాదు. జూదశాల బలమంతా ఈ వరుసలోనే ఉన్నది. నియమాలు మంచివై, ఆటగాడు ఏ తప్పూ చేయకపోతే శాలకు మిగిలేది నూటికి సుమారు అర్ధరూపాయి. కాని ఆసూ పదీ కలిసి వచ్చినప్పుడు నూటికి నూటయాభై ఇవ్వవలసిన చోట నూటయిరవయ్యే ఇస్తే? ఆ జోడీ ఇరవై ఒక్క ఆటలకొకసారి వస్తుంది కనుక నూటికి మరో రూపాయిన్నర దాకా శాలకే చేరుతుంది. గోడమీది ఆ చిన్న అక్షరాలను చదివేవారెందరు?

మన తిరునాళ్ల గుండాటలో పాచికకు జ్ఞాపకం లేదు. నిన్నటి వేటు నేటి వేటును మార్చదు. పేకకు జ్ఞాపకం ఉన్నది. రెండు మొదలు ఆరు వరకు చిన్నముక్కలు, ముఖ్యంగా అయిదులు, వెళ్లిపోయినకొద్దీ మిగిలిన కట్టలో ఆసులూ పదులూ చిక్కబడతాయి. పదిహేడు వచ్చేదాకా తీయక తప్పని పంచేవాడు వాటితో మునుగుతాడు, ఆటగాడు ఆగిపోగలడు. అప్పుడు మొగ్గు ఆటగాడి వైపు ఒక రూపాయి దాకా తిరుగుతుంది. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితాచార్యుడు దీనిని పుస్తకంగా వ్రాశాడు.

ఇది వినగానే నాకు అరణ్యపర్వంలోని ఋతుపర్ణుడు గుర్తుకు వచ్చాడు. రథం మీదినుండే తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఇన్నని చెప్పినవాడు! ఆ కాయలే పూర్వం పాచికలు. నలుడు నమ్మక, రథమాపి లెక్కించి చూచిన తరువాతనే అక్షహృదయాన్ని స్వీకరించాడు. కథలో నాకు మిక్కిలి నచ్చేది వరం కాదు, ఆ అపనమ్మకమే. చెట్టు కదలక నిలిచినది కనుక లెక్క సరిపోయింది. ఆకు ఆకుకూ చెట్టు మారిపోతూంటే ఋతుపర్ణుడేం చేయగలడు?

జూదశాలలు చేసిందీ అదే. ఒక పేకకు బదులు ఆరో ఎనిమిదో కలిపాయి, కట్ట సగంలోనే తిరిగి కలిపాయి, ఎడతెగక కలిపే యంత్రాలు తెచ్చాయి. లెక్కపెట్టేవాణ్ణి బయటికి పంపాయి. పుస్తకం నిజమే, ఆ పుస్తకం ఏ బల్ల గురించి వ్రాయబడిందో ఆ బల్ల నేడు దొరకడం అరుదు. చదువుకొన్నవాడే ఇక్కడ సులభంగా పడిపోతాడని నా అభిప్రాయం. చదువులేనివాడు గుండాటలో ఓడితే ఓడానంటాడు. మనవాడు ఇంకా సిద్ధాంతం తనవైపే ఉన్నదంటాడు.

"సరే నాయనా, ఆ ఫోనులో పేకను ఎన్ని ఆటలకొకసారి కలుపుతారు?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించాడు. "ప్రతి ఆటకూ కొత్త పేకేనండి" అన్నాడు.