బల్ల మీద ఆగిన ఫైలు

హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు వచ్చారంటే మొదటి వారం స్టాఫ్ రూములో మాటలు తగ్గుతాయి. ఆయన ఎలాంటివారని పైకి ఎవరూ అడగరు. అందరూ చూస్తుంటారు. ప్రార్థనకు ముందే వస్తున్నారా, బెల్లు కొట్టాక వస్తున్నారా? ఆలస్యంగా వచ్చినవారి పేరు ఎదుట రిజిస్టరులో గీత పెడితే అందరికీ పెడుతున్నారా, కొందరికేనా? తనకంటే ముందు పనిచేసిన హెడ్మాస్టరు గురించి ఏం మాట్లాడుతున్నారు? పొలం నుంచి నేరుగా వచ్చిన తండ్రికి కుర్చీ చూపిస్తున్నారా, గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపేస్తున్నారా? టీచర్లు గమనించేవి ఇవి. అటెండరూ గమనిస్తాడు, వంట చేసే ఆడవాళ్లూ గమనిస్తారు. నెల తిరిగేసరికి బడికీ ఊరికీ ఆయన మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. ఆ తరవాత స్టాఫ్ మీటింగులో ఎంత చక్కగా మాట్లాడినా దాన్ని మార్చడం కష్టం.

పోస్టింగు ఆర్డరుతో అధికారం వస్తుంది, సంతకం వస్తుంది. నమ్మకాన్ని మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవాలి. మన విద్యాశాఖలో దీని గురించి మాట్లాడేవారు తక్కువ. గదులు, బెంచీలు, ట్యాబులు, ఉత్తీర్ణత శాతాలు లెక్కకు వస్తాయి కాబట్టి వాటి మీద సమీక్షలు జరుగుతాయి. హెడ్మాస్టరు మాటను టీచర్లు నమ్ముతున్నారా, బడి మాటను తల్లులు నమ్ముతున్నారా అన్నది ఏ ఫారంలోనూ ఉండదు.

ఇది లెక్కకు అందని విషయమని అనుకోనక్కర్లేదు. అమెరికాలోని షికాగో నగరంలో దీన్ని లెక్కగట్టి చూశారు. అక్కడ 1988లో ఒక చట్టం తెచ్చి, ప్రతి ప్రభుత్వ బడికీ ఎన్నికైన స్థానిక మండలిని ఏర్పాటు చేశారు. ప్రాథమిక బళ్లలో 11 మంది సభ్యులుంటే అందులో ఆరుగురు తల్లిదండ్రులే. ప్రిన్సిపాల్‌ను నియమించుకునే అధికారం కూడా ఆ మండలిదే, నాలుగేళ్ల ఒప్పందం మీద. ఒకే నగరం, ఒకే చట్టం. అయినా కొన్ని బళ్లు బాగుపడ్డాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. ఎందుకని ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో సుమారు 400 ప్రాథమిక బళ్లను ఏళ్ల తరబడి పరిశీలించి, 2002లో పుస్తకం వేశారు. టీచర్లు, ప్రిన్సిపాల్, తల్లిదండ్రుల మధ్య నమ్మకం బలంగా ఉన్న బళ్లలో ప్రతి రెండింటిలో ఒకటి చదువులో మెరుగుపడింది. నమ్మకం బలహీనంగా ఉన్నచోట ఏడింటిలో ఒక్కటే మెరుగుపడింది. నమ్మకమే పాఠం చెప్పదని వాళ్లూ ఒప్పుకున్నారు. అది ఉన్నచోట టీచరు కొత్త పద్ధతిని ధైర్యంగా ప్రయత్నిస్తాడు, కుదరకపోతే ఆ మాట పక్క టీచరుతో చెప్పుకుంటాడు. అది లేనిచోట తలుపు వేసుకుని పాత పాఠమే చెబుతాడు.

ఒక మనిషిని నమ్మేముందు బడిలో వాళ్లు చూసేవి నాలుగని ఆ పరిశోధకులు తేల్చారు. ఎదుటివారి మాట వింటున్నాడా, తన పని తనకు వచ్చా, ఉద్యోగానికి అవతల కూడా మనిషిని పట్టించుకుంటాడా, అన్నమాట మీద నిలబడతాడా. నాయకత్వం మీద మన దగ్గర జరిగే ప్రసంగాల్లో మొదటిదీ మూడోదీ నాలుగోదీ ఎప్పుడూ వినిపిస్తాయి. రెండోదాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో మన ప్రభుత్వ బళ్లకు సంబంధించి అన్నిటికంటే ముందు చూడవలసింది అదే.

హైస్కూలు హెడ్మాస్టరు పాఠశాలకు పెద్ద మాత్రమే కాదు, జీతాల బిల్లుల మీద సంతకం చేసే అధికారి కూడా. ఇంక్రిమెంటు, సరెండరు లీవు, జీపీఎఫ్ అప్పు, వైద్య ఖర్చుల దరఖాస్తు, ఏదైనా ఆయన బల్ల దాటే పోవాలి. కూతురి పెళ్లికి పెట్టుకున్న జీపీఎఫ్ దరఖాస్తు ఆ బల్ల మీద మూడు వారాలు ఆగిపోయిందనుకోండి. ఆ తరవాత ఆయన 'మనమంతా ఒక కుటుంబం' అంటే ఆ టీచరుకు ఏం వినిపిస్తుంది? అదే దరఖాస్తు అందిన మర్నాడు వెళ్లిపోతే, ట్రెజరీలో ఏదో అభ్యంతరం పెట్టారని తెలిసిన వెంటనే పిలిచి చెబితే, డబ్బు ఆలస్యమైనా మనసు విరగదు. బిల్లు పాసవడం హెడ్మాస్టరు చేతిలో ఉండకపోవచ్చు. అది ఎక్కడ ఆగిందో తెలుసుకుని చెప్పడం ఆయన చేతిలోనే ఉంది. పని రాని మంచితనం మొదటి నెలలో బాగుంటుంది. ఆరు నెలలకు టీచర్లు తమ కాగితాల కోసం సీనియర్ అసిస్టెంటు చుట్టూ తిరగడం మొదలుపెడతారు. అక్కడితో హెడ్మాస్టరు మాట పలచనవుతుంది.

పని జరిగితేనే నమ్మకం నిలబడుతుందన్న సంగతిని హైదరాబాద్ బడికి అవతల, ఇంకా పెద్ద ఎత్తున చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు పెంచి చూపించామని ఒప్పుకుంటూ బోర్డుకు లేఖ రాశారు. 50 వేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీ అది. మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో అందులో పనిచేసేవారు. నాలుగు రోజుల్లో కేంద్రం పాత బోర్డును పక్కనపెట్టి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లతో కొత్త బోర్డును వేసింది. మమ్మల్ని నమ్మండి అని వాళ్లు అడిగి ఉంటే ఆ రోజు వినేవారెవరు? ఉద్యోగుల ముందున్న ప్రశ్న ఒక్కటే, ఈ నెల జీతం వస్తుందా రాదా అని. కొత్త బోర్డు ముందు దాని మీదే పడింది, జీతాలు అందాయి. ఫిబ్రవరిలో సీఈఓగా ఎ.ఎస్. మూర్తిని పెట్టారు. ఆయన బయటివారు కాదు, అదే కంపెనీలో పనిచేస్తూ వచ్చినవారు. ఏప్రిల్ 13 నాటికి వేలం పూర్తయి టెక్ మహీంద్రా చేతికి కంపెనీ వెళ్లింది. కూలిపోయిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టే పని జీతం తేదీ దగ్గర మొదలైంది.

బడికి వస్తే మరో చిక్కు ఉంది. పైవాళ్లు తనను నమ్ముతున్నారని తెలియని హెడ్మాస్టరు కిందివాళ్లను నమ్మగలడా? ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని బడి మీద పడింది. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక దాన్ని తీసేశారు. ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి 2022 ఆగస్టులో అక్కడ మొదలైతే, 2025లో తెలంగాణ టీచర్లకూ వచ్చింది. పర్యవేక్షణ వద్దని నేను అనను. బడికి రాకుండా జీతం తీసుకున్నవారు ఒకప్పుడు ఉన్నారు, ఊరికి ఆ కోపం ఇంకా పోలేదు, ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఫొటో పైకి పోతుంది. తల్లికి జవాబు చెప్పడం పక్కకు పోతుంది. పొద్దున్నే ఫోను పట్టుకుని తిరిగే హెడ్మాస్టరు, ఆ ఫొటోల కోసం టీచర్ల వెంట పడతాడు, టీచరు పిల్లల వెంట పడతాడు. అపనమ్మకం ఒక్కో మెట్టూ దిగి చివరికి తరగతి గదిలోకి వచ్చేస్తుంది.

అంకెల కోసం భయపెడితే ఏమవుతుందో అమెరికాలోనే అట్లాంటా నగరం చూపించింది. మార్కులు పెరగకపోతే ఉద్యోగం పోతుందన్న భయం అక్కడి బళ్లలో అలముకుంది. 2011లో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం 44 బళ్లలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల జవాబు పత్రాల్లో జవాబులు మార్చేయడం వంటి పనుల్లో చిక్కుకున్నారు. వీరిలో చాలామంది చెడ్డవాళ్లని నేను అనుకోను. నిజం చెబితే బతకనివ్వని చోట వాళ్లు పనిచేశారు.

మన దగ్గర పదో తరగతికి నూటికి నూరు శాతం లక్ష్యం పెట్టే కాలం కాబట్టి ఇది మనకూ తగిలే మాటే. ఎనిమిదో తరగతి 'బి' సెక్షనులో పన్నెండు మందికి తెలుగు వాక్యం చదవడం రాదని ఒక టీచరు స్టాఫ్ మీటింగులో లేచి చెప్పిందనుకోండి. హెడ్మాస్టరు నోటి వెంట వచ్చే మొదటి మాటే ఆ బడి దిక్కును తేలుస్తుంది. 'ఇన్నాళ్లు ఏం చేశారు?' అంటే వచ్చే నెల ఆ మాట ఇంకెవరూ చెప్పరు, రిజిస్టర్లలో అందరికీ చదవడం వచ్చేస్తుంది. 'మీకు ఏం కావాలి మేడమ్?' అని అడిగి, టైమ్‌టేబుల్లో రోజూ ఒక పీరియడు తీసి ఇచ్చి, అందులో వారానికి రెండు తానే తీసుకుంటే, మర్నాటి నుంచి నిజాలు బయటికి వస్తాయి. బలహీనమైన సెక్షనును తాను ఎత్తుకున్న హెడ్మాస్టరుకు మిగతావాళ్లను పని అడిగే హక్కు వస్తుంది. అలాంటివారు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్ల పేర్లు పేపర్లలో రావు. పిల్లల సంఖ్య తగ్గుతున్న కాలంలో వాళ్ల బడి మాత్రం నిండుగా ఉంటుంది.

నమ్మకమంటే మెత్తగా ఉండటమని అనుకునేవారున్నారు. నాకు అది పొరపాటుగా తోస్తుంది. తన మిత్రుడు ఆలస్యంగా వస్తే గీత పెట్టలేని హెడ్మాస్టరును ఆ మిత్రుడు కూడా గౌరవించడు. అన్నిటికంటే గట్టి పరీక్ష టీచరు పిల్లవాణ్ని కొట్టినప్పుడు వస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. అయినా అలాంటి రోజు వస్తుంది. తల్లి ఏడుస్తూ గేటు దగ్గర నిలబడుతుంది. హెడ్మాస్టరు మమ్మల్ని కాపాడాలని స్టాఫ్ అంతా ఎదురు చూస్తుంది. కప్పిపుచ్చితే ఊరు పోతుంది. అసెంబ్లీలో అందరి ముందు ఆ టీచరును నిలదీస్తే స్టాఫ్ పోతుంది. పిల్లవాణ్ని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లిని లోపల కూర్చోబెట్టి చివరి దాకా వినాలి. టీచరు చెప్పేదీ వేరుగా, తలుపు వేసి వినాలి. ఆ తరవాత జరిగింది జరిగినట్టు రాయాలి, ఒక్క అక్షరం తగ్గించకుండా. కొందరు టీచర్లు ఆయనకు కొన్నాళ్లు ముఖం చాటేస్తారు. అది భరించాలి. పిల్లవాడి వైపు నిలబడనివారు బడికి పెద్దగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

తల్లిదండ్రుల సంగతికొస్తే, చట్టం ఇచ్చినదానికీ జరిగేదానికీ చాలా దూరం. పాఠశాల యాజమాన్య కమిటీలో నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలుండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. చాలాచోట్ల తీర్మానాల పుస్తకాన్ని ఇళ్లకు పంపి సంతకాలు చేయిస్తారు. నాట్ల రోజుల్లో పదకొండు గంటలకు మీటింగు పెడితే కూలి పోగొట్టుకుని ఏ తల్లి వస్తుంది? సాయంత్రం ఆరింటికి పెట్టి చూడండి. సమగ్ర శిక్ష కింద 250 మంది దాటి వెయ్యి మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 75 వేల రూపాయల గ్రాంటు ఉంది. సుద్దముక్కలకు ఎంత, కరెంటు బిల్లుకు ఎంత, కుళాయి బాగుచేయించడానికి ఎంత అయిందో రాసి ఆఫీసు గది బయట గోడకు అంటిస్తే దానికయ్యే ఖర్చు ఒక కాగితం. దాని వల్ల ఊళ్లో ఆగిపోయే పుకార్లు ఎన్నో. మధ్యాహ్నం పిల్లల వరుసలో కూర్చుని అదే సాంబారు తినడం కూడా అలాంటిదే. వంట చేసే మహిళలకు బిల్లులు నెలల తరబడి రాకపోతే, అప్పు చేసి సరుకులు తెచ్చే వాళ్లతో నాలుగు నిమిషాలు కూర్చుని బిల్లు ఎందాకా వచ్చిందో చెప్పడం ఇంకా ముఖ్యం.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బళ్లన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ముగ్గులు వేశారు, పిల్లల ప్రగతి పత్రాలు చూపించారు. తెలంగాణలో అదే ఏడాది అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మహిళా సంఘాలకు బడి మరమ్మతుల బాధ్యత అప్పగించారు. రెండూ మంచి పనులే. పండగ అయిపోయిన మర్నాడు ఒక తల్లి వచ్చి 'సారూ, మావాడికి లెక్కలు అర్థం కావట్లేదంట' అంటే ఆమెకు దొరికే జవాబు మీదే వాటి ఫలితం ఉంటుంది.

మన పద్ధతిలో స్కూల్ అసిస్టెంటుగా పాతికేళ్లు పాఠం చెప్పినవారికి సీనియారిటీ మీద ఒకరోజు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వస్తుంది. పాఠం చెప్పడం వారికి బాగా వచ్చు. ఇరవై మంది పెద్దవాళ్లను నడిపించడం, ఫిర్యాదు వినడం, బిల్లు చేయడం ఎవరూ నేర్పలేదు. ఒకచోట ఉండగలిగేది గరిష్ఠంగా ఐదేళ్లు, అందులో మొదటి ఏడాది నేర్చుకోవడానికే పోతుంది. అందుకని జిల్లా విద్యాధికారులకు ఒక మనవి. ప్రమోషన్ జాబితాలో ఉన్నవారిని ముందే గుర్తించి, జిల్లాలో మంచి పేరున్న హెడ్మాస్టర్ల దగ్గర నెల రోజులు కూర్చోబెట్టండి. బిల్లు ఎలా చేస్తారో, కమిటీ మీటింగు ఎలా నడుపుతారో, కోపంగా వచ్చిన తండ్రితో ఎలా మాట్లాడతారో దగ్గరుండి చూడనివ్వండి. వెళ్లిపోయే హెడ్మాస్టరు తాళాలూ రిజిస్టర్లతో పాటు, ఏ పిల్లలు మధ్యలో మానేసేలా ఉన్నారో, ఏ టీచరు దరఖాస్తు ఎక్కడ ఆగిందో కూడా కాగితం మీద రాసి అప్పగించాలని ఉత్తర్వు ఇవ్వండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. మార్చిలో మొదలుపెడితే జూన్ 12న బళ్లు తెరిచే నాటికి సిద్ధమవుతారు.