పుస్తకాల సంచిలో కత్తి

ఈ సంవత్సరపు సంచికకు ఏ విషయమును గూర్చి వ్రాయవలెనని మేము కూర్చుండి ఆలోచించినపుడు, కొందరు మిత్రులు మెదక్ కోటను గూర్చి వ్రాయమన్నారు. మరికొందరు 1924లో ప్రతిష్ఠింపబడి నూరేళ్ళు నిండిన మన పట్టణపు చర్చిని గూర్చి వ్రాయమన్నారు. రెండును వ్రాయదగినవే. కాని మా మనసులు మాత్రము మరొక చోట చిక్కుకొని ఉన్నవి. గత విద్యా సంవత్సరములో మన కళాశాల గ్రంథాలయములో ఇంటర్ మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు సంచిలో నుండి పుస్తకము తీయబోగా, దానితోబాటు ఒక మడత చాకు క్రింద పడినది. అతడు ఎవరినీ పొడవలేదు, ఎవరినీ బెదిరించలేదు. చాకు నేలను తాకిన చప్పుడు మాత్రము సాయంత్రమునకు పట్టణమంతా వినిపించినది. ఆ విద్యార్థి ఉర్దూ మాధ్యమము వాడా, తెలుగు మాధ్యమము వాడా అన్నది ఇక్కడ మేము చెప్పబోము. విన్నవారందరూ మొట్టమొదట అడిగినది అదే గనుక, మేము చెప్పకుండుటయే మంచిదని తోచినది.

మన తాత ముత్తాతల కాలములో పుస్తకాల సంచిలో చాకు లేకపోవుటయే తప్పు. ఉర్దూలో దానిని కలంతరాష్ అంటారు, అనగా కలమును చెక్కునది అని అర్థము. రెల్లు కలమును ఏటవాలుగా కోసి కొన దీర్చుట చేతకాని పిల్లవానికి ఖుష్‌ఖతీ అబ్బదని మక్తబులలో మౌల్వీ సాహెబులు చెప్పేవారు. తెలుగు బడుల సంగతి చూచినా ఇంతే. తాటాకుపై వ్రాసే గంటమునకు రెండవ కొనన ఆకుల అంచులు కత్తిరించుటకు చిన్న కత్తిని అమర్చిన గంటములు నేటికీ మ్యూజియములలో కనబడుతున్నవి. అక్షరమూ కత్తీ ఒకే ఇనుప ముక్కకు రెండు కొనలుగా బ్రతికిన కాలమది. తరువాత పెన్సిలు వచ్చినది, దాని వెంట సగము బ్లేడు వచ్చినది. ఇప్పుడు షార్పెనరు వచ్చినది. బడికి పోవు పిల్లవానికి కత్తితో పని తీరిపోయి చాలా కాలమైనది.

బడి వెలుపల మాత్రము కత్తి గౌరవము తగ్గలేదు. దసరానాడు ఆయుధపూజలో దానికి కుంకుమ బొట్టు పెడుతున్నాము. బక్రీదు ముందు ప్రతి ఇంటిలో ఛురీని సాన పట్టించుకుంటున్నాము. తాడిచెట్టు ఎక్కే గౌడన్న నడుమునకు గీత కత్తి లేనిదే పూట గడవదు. నిజాము కాలములో హైదరాబాదు అరబ్బులు నడుమున జంబియా లేనిదే వీధిలోనికి వచ్చేవారు కారు. సాలార్‌జంగ్ మ్యూజియములో నూర్జహాను, జహంగీరుల బాకుల ముందు నిలిచి నోరు తెరచి చూడని విద్యార్థి మాలో ఒక్కడూ లేడు. సిక్కు సోదరులు కృపాణము ధరించుట వారి మతాచరణలో భాగమని మన రాజ్యాంగపు 25వ అధికరణమే చెప్పుచున్నది. కెనడాలో ఒక సిక్కు బాలుని కృపాణమును బడివారు నిషేధింపగా, దానిని ఒరలో కుట్టి దుస్తుల లోపల ధరించుటకు ఆ దేశపు సుప్రీంకోర్టు 2006లో అనుమతినిచ్చినది. కనుక ఇనుమును చూడగానే ఉలిక్కిపడవలెనని మేము అనుట లేదు. అది ఏ పనికి సంచిలో చేరినది అన్నదే ప్రశ్న.

చదువుల ప్రాంగణమునకు కత్తి వేరొక పనిమీద వచ్చిన రోజులు మన రాష్ట్రమునకు క్రొత్తవి కావు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో భౌతికశాస్త్ర విద్యార్థి, విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి కత్తిపోట్లకు బలియైనాడు. అప్పటికి అతని వయస్సు ఇరువది అయిదేండ్లు. ఆ తరువాతి రెండు దశాబ్దములలో కాలేజీ ఎన్నికలనగా నామినేషనుతోబాటు హాకీ కర్రలూ సిద్ధము చేసుకొనవలెననే స్థితి చాలా చోట్ల ఉండినదని ఆనాటి విద్యార్థులైన మా అధ్యాపకులే చెప్పుచుందురు. వారు దానిని చెప్పునపుడు వారి కంఠములో సిగ్గుతోబాటు కొంచెము గర్వము కూడా వినబడుట మేము గమనించినాము. (గురువులు క్షమింతురు గాక.)

ఆ గర్వమునే సినిమా పట్టుకొన్నది. 1989లో వచ్చిన 'శివ' చిత్రములో నాయకుడు సైకిలు చైను తెంపి చేతికి చుట్టుకొన్న దృశ్యమును చూచి, మన తండ్రుల తరము యువకులు సైకిళ్ళవైపు వేరొక చూపుతో చూచినారట. 2019లో జార్జిరెడ్డి జీవితముపై చిత్రము వచ్చినపుడు, అతడు ఎంత చదివినాడు అన్నదానికన్న ఎట్లు కొట్లాడినాడు అన్నదే మా ఈడువారు ఎక్కువగా చెప్పుకొన్నారు. ఇప్పుడు సినిమా హాలునకు పోవలసిన పని కూడా లేదు. పుట్టినరోజు కేకును తల్వారుతో కోయుట, పెండ్లి బరాతులో కత్తులు త్రిప్పుచు నర్తించుట, దానిని ఫోనులో చిత్రించి పదిమందికి చూపుట, మరునాడు పోలీసు ఠాణాలో తలవంచుకొని కూర్చుండుట హైదరాబాదులో మాటిమాటికి వినవచ్చు వార్తలైనవి. కేకు మెత్తనిది. దానికి తల్వారు ఎందుకో మాకు నేటికీ బోధపడలేదు.

ఇట్లు ఒకవైపు ముద్దుచేసిన కత్తినే రెండవవైపు మన సమాజము ఎన్నడూ లేనంతగా భయపడుచున్నది. ఆ భయమునకు కారణములు లేకపోలేదు. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదవ తరగతి బాలుడు తన ఉపాధ్యాయురాలిని తరగతి గదిలోనే పొడిచి చంపినాడు. డైరీలో ఆమె తల్లిదండ్రులకు వ్రాసిన ఫిర్యాదులే కారణమన్నారు. 2024 ఆగస్టు 16న ఉదయపూరులో పదవ తరగతి బాలుడు తన సహవిద్యార్థిని పొడిచినాడు. గాయపడిన బాలుడు మూడు రోజులకు మరణించినాడు. ఈలోగా పట్టణములో వాహనములు తగులబడినవి, ఇంటర్నెట్ నిలిపివేయబడినది, బడులు మూతపడినవి. నిందితుని కుటుంబము అద్దెకున్న ఇంటిని ఆ మరునాడే బుల్డోజరు కూల్చినది. ఇల్లు వేరొకరిది. కూల్చినది బాలుని తప్పును కాదు, ఇంటి యజమాని గోడలను. ఈ విధముగా నేరారోపణ జరిగినంత మాత్రమున ఇండ్లు కూల్చుట చెల్లదని సుప్రీంకోర్టు అదే సంవత్సరము నవంబరు 13న తీర్పు చెప్పినది. 2025 ఆగస్టులో అహ్మదాబాదులోనూ ఒక విద్యార్థి మరొక విద్యార్థి కత్తిపోటుకు మరణించగా, మరునాడు జనసమూహము బడిమీద పడి ధ్వంసము చేసినది.

ఇక్కడనే మన చూపులోని అసలు మార్పు ఉన్నదని మా అభిప్రాయము. పూర్వము బాలుడు కత్తి పట్టినచో, వీడు ఎవరి కొడుకు అని అడిగేవారు. అడిగి, ఆ తండ్రిని పిలిపించేవారు. ఇప్పుడు వీడు ఎవరివాడు అని అడుగుచున్నారు. రెండు ప్రశ్నలకు మధ్య ఒక్క మాటయే తేడా. మొదటి ప్రశ్నకు జవాబుగా ఒక తండ్రి వస్తాడు. రెండవదానికి జవాబుగా వీధి అంతా వస్తుంది.

2024 జూన్‌లో బక్రీదు ముందు మన మెదక్ పట్టణములో జరిగిన ఘర్షణలను, 144వ సెక్షను విధింపబడిన ఆ దినములను పాఠకులు మరచి ఉండరు. రాందాస్ చౌరస్తాలో దుకాణములు మూసి, ఇరువైపుల తల్లులూ పిల్లలను గడప దాటనీయలేదు. చాకు దొరికిన విద్యార్థిని మాలో ఇద్దరు వెళ్ళి అడిగినపుడు అతడు చెప్పినది కూడా ఆ దినములను గూర్చియే. అతడు మంజీర వైపు ఉన్న ఒక గ్రామము నుండి బస్సులో వచ్చుచున్నాడు. ప్రాక్టికల్స్ ఉన్ననాడు చీకటి పడునప్పటికి గాని బస్టాండు చేరడు. అక్కడ కొందరు యువకులు రెండుసార్లు అతనిని నిలిపి, పేరు అడిగి, టిఫిను డబ్బా తెరచి చూచి నవ్వినారట. మూడవ దినమున అతడు సంతలో చాకు కొన్నాడు. "ఎప్పుడైనా బయటికి తీసినావా?" అని అడిగితిమి. "తీయుటకు భయము వేసినది. లేకుండా పోవుటకు కూడా భయము వేసినది" అన్నాడు.

కళాశాల పెద్దలు అతనికి టి.సి. ఇచ్చి పంపవలెనని తలచినారు. వారి బాధ మాకు తెలియనిది కాదు. మైనారిటీ కళాశాల ప్రాంగణములో దొరికిన కత్తికి వార్తాపత్రికలో దొరికే స్థలము వేరు. ఇతరుల కళాశాలలో అది ఒక కుర్రవాని తప్పు, మన కళాశాలలో అది మన అందరిపై సాక్ష్యము. ఎన్నో ఏండ్లుగా గడించిన పేరు ఒక్క మధ్యాహ్నములో పోగలదు. పైగా రేపు ఎవనికైనా నిజముగా గాయమైనచో, తెలిసి ఊరుకొన్నారని మొదట అడుగబడువారు వారే. ఈ మాటకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. మేమును ఆ ప్రాంగణములోనే కూర్చుండువారము. ప్రక్క బల్లపై ఉన్నవాని సంచిలో కత్తి ఉండుట మాకును ఇష్టము లేదు. కళాశాలలోనికి ఎట్టి కత్తియు రాగూడదన్న నియమమును మేము పూర్తిగా సమర్థించుచున్నాము.

అయినను టి.సి. వలన కత్తి పోదు, బాలుడు పోవును. ఎనిమిదవ తరగతి వరకు పిల్లవానిని బడి నుండి వెళ్ళగొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఇంటర్ విద్యార్థికి అట్టి రక్షణ లేదు. నడుమ సంవత్సరములో టి.సి. పుచ్చుకొన్నవానిని మరొక కళాశాల చేర్చుకొనదు. అతడు పోవునది ఆ బస్టాండునకే. అప్పుడతని చేతిలో పుస్తకములు ఉండవు, మరొకటి మాత్రము ఉండును.

గేటు దగ్గర సంచులు వెదకుటను గూర్చి కూడా చర్చ జరిగినది. ఉదయపూరు ఘటన తరువాత రాజస్థాన్ విద్యాశాఖ బడులలోనికి పదునైన వస్తువులను నిషేధించి, సంచులు తనిఖీ చేయుమన్నది. మేము దీనికి అడ్డు చెప్పము. అయితే కంపాసు బాక్సులోని డివైడరు కూడా పదునైనదే అని మాత్రము మనవి చేయుచున్నాము. అమ్మాయిల సంచులను ఎవరు వెదకవలెను, ఏ విధముగా వెదకవలెను అన్నది ముందుగా తేల్చనిచో క్రొత్త తగవులు వచ్చును.

ఇక మా తోటి విద్యార్థులతో రెండు మాటలు. తొమ్మిది అంగుళముల లోపు కత్తికి చట్టము అడ్డు రాదని మన వారిలో ఒక నమ్మకము ప్రబలి ఉన్నది. ఆయుధముల నియమావళిలో ఆ కొలత ఉన్న మాట నిజమే. కాని ఆ కొలత కత్తిని దగ్గర ఉంచుకొనుటకు మాత్రమే. మూడంగుళముల చాకుతో గాయపరచినను భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షను వర్తించును. పదునారేండ్లు నిండినవాడు ఘోర నేరము చేసెనని ఆరోపణ వచ్చినచో, బాలల న్యాయ మండలి పరిశీలించిన మీదట అతనిని పెద్దవానివలెనే విచారింపవచ్చునని 2015 నాటి చట్టము చెప్పుచున్నది. మనలో పలువురు ఆ వయస్సువారమే.

మరొక నమ్మకము ఇంతకన్న ప్రమాదకరమైనది. తొడమీద పొడిస్తే ప్రాణము పోదు, భయము మాత్రము కలుగునని కొందరు అనుకొందురు. తొడలో దేహమునకెల్ల పెద్దవైన ధమనులలో ఒకటి ఉన్నది. అది తెగినచో కొద్ది నిమిషములలో మనిషి పోవును. అట్టి ఆపద ఎవనికైనను వచ్చినపుడు గాయములో దిగి ఉన్న కత్తిని లాగరాదు. రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కు ఫోను చేయవలెను. మన జీవశాస్త్ర ప్రయోగశాల గోడకు ఈ నాలుగు వాక్యములు అతికించిన బాగుండును.

పరదేశముల అనుభవము కూడా చూడదగినది. 1995 డిసెంబరులో లండనులో ఒక ప్రధానోపాధ్యాయుడు తన విద్యార్థిని రక్షించుటకు బడి ముందు అడ్డుపడి, పదునైదేండ్ల బాలుని చేతిలో కత్తిపోటునకు మరణించినాడు. మరుసటి సంవత్సరమే బడి ప్రాంగణములో కత్తి కలిగి ఉండుటను అక్కడ ప్రత్యేక నేరముగా చేసినారు. చట్టము వచ్చినది గాని కత్తులు పోలేదు. స్కాట్లండులోని గ్లాస్గోలో 2005లో పోలీసులే వేరొక దారి త్రొక్కినారు. హింసను అంటురోగముగా భావించి, అది ఎవరికి సోకినది, ఎందువలన సోకినది అని వైద్యులను, ఉపాధ్యాయులను, తల్లులను కూడగట్టుకొని వెదకినారు. నేరము చేసినవానికి శిక్ష మానలేదు. కాని కత్తి మోయుచున్న పిల్లవానిని పిలిచి, నీకు ఎవరి వలన భయము అని అడిగినారు. తరువాతి పదునైదేండ్లలో స్కాట్లండులో హత్యలు దాదాపు సగమునకు తగ్గినవి. గ్లాస్గోకు మెదక్‌కు పోలిక ఏమని అడుగవచ్చును. ఆ ప్రశ్న ఒక్కటియే పోలిక. దానిని అడుగుటకు డబ్బు అక్కర లేదు.

కనుక కార్యవర్గము వారికి మా విన్నపము ఇది. ఆఫీసు గదిలో తాళము గల పెట్టె ఒకటి ఉంచి, సంవత్సరారంభమున ఒక వారము పాటు ఎవడైనను తన దగ్గరి చాకును పేరు చెప్పకయే అందులో వేయవచ్చునని ప్రకటింపవలెను. ఆ వారము దాటిన తరువాత దొరికినచో మొదట తండ్రిని పిలువవలెను, పిమ్మట అతడు ఎవరికి భయపడుచున్నాడో అడుగవలెను, ఆ తరువాతనే శిక్షను గూర్చి ఆలోచింపవలెను. ప్రాక్టికల్స్ ఉన్న దినములలో దూర గ్రామముల విద్యార్థులను బస్టాండు వరకు ఒక అధ్యాపకుడు వెంటబెట్టుకొని పోవు ఏర్పాటు చేసినచో, ఉర్దూ మాధ్యమము వారును తెలుగు మాధ్యమము వారును కలిసి ఒకే గుంపుగా నడతుము. ఈ మాట మేము ఇరు శాఖల విద్యార్థులను అడిగియే వ్రాయుచున్నాము.

ఆ విద్యార్థికి టి.సి. ఇంకను ఇవ్వలేదు. తీర్మానము వాయిదా పడినది. అతడు తరగతికి వచ్చుచున్నాడు, వెనుక బల్లపై ఒంటరిగా కూర్చుండుచున్నాడు, ప్రాక్టికల్స్ ఉన్ననాడు మాత్రము రావడము మానివేసినాడు. చాకు ఆఫీసు బీరువాలో ఒక కవరులో ఉన్నది. దానిపై తేదీ వ్రాసి ఉన్నది, కారణము అన్నచోట ఏమియు వ్రాసి లేదు.