మెరుగే కళ యనువారికి

పాటలో గరగర వినబడినచో నది లోపమనియు, చిత్రమున గీత వంకరయైనచో నది చేతగానితనమనియు తీర్పు చెప్పువారు మనలో పెక్కండ్రు కలరు. వస్త్రమునకు గంజివలె కళకు మెరుగు తప్పదని వారి నమ్మకము. ఈ నమ్మకమే నిజమైనచో, 1982వ సంవత్సరమున అమెరికాలో జరిగినదానికి వారేమి సమాధానము చెప్పుదురు?

ఆ యేటి జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అను గాయకుడు న్యూజెర్సీలోని తన యింటి పడకగదిలో కూర్చుండి, నాలుగు ట్రాకుల చిన్న క్యాసెట్టు యంత్రముపై కొన్ని పాటలు పాడి పట్టుకొనెను. అవి వాద్యబృందమునకు వినిపించుటకై చేసిన నమూనాలు మాత్రమే. పిమ్మట న్యూయార్కు స్టూడియోలో బృందముతో ఆ పాటలలో పెక్కింటిని మరల పాడెను. యంత్రములు మేలైనవి, వాద్యకాండ్రు నేర్పరులు. అయినను ఆయనకు తృప్తి కలుగలేదు. తుదకు పెట్టెయైన లేక జేబులో త్రిప్పిన యా క్యాసెట్టు పాటలే సెప్టెంబరులో ‘నెబ్రాస్కా’ అను పేర వెలువడెను. స్టూడియోకు సొమ్ము లేక కాదు. అప్పటికే ఆయన ప్రఖ్యాతుడు. పని పోయినవారిని, నేరములలో చిక్కినవారిని గూర్చిన యా పాటలకు బోసిగదియే తగినచోటు. మెరుగు పెట్టినకొలది ఆ మనుష్యులు దూరమైరి.

అట్లయిన గరగరయే కళయా? కానే కాదు. నేడు కంప్యూటరుపై నిర్మలముగా కూర్చిన సంగీతమునకు పాత గ్రామఫోను పలకల చిటపటలను పైనుండి చల్లి ‘లో-ఫై’ యని పిలుచుట కలదు. విని సేద తీరువారిని నిందింపను. కాని పని చేయని ముఖమున చెమట చిత్రించినంత మాత్రమున శ్రమ యగునా? నెబ్రాస్కాలోని బొంగురు ఒక గదికి, ఒక రాత్రికి గుర్తు. ఇది దేనికి గుర్తు?

ఈ వాదము మన యిండ్లకేల యందురా? మన ముసలమ్మలు విసురుచు, దంచుచు నేర్చిన పాటలు, పెండ్లిపాటలు, లాలిపాటలు వారితోనే పోవుచున్నవి. “శ్రుతి నిలువదు, గొంతు వణకుచున్నది, పెరటిలో కాకులరచుచున్నవి, మంచి స్టూడియో దొరికినప్పుడు చూతము” అని మనము వాయిదా వేయుచున్నాము. ఇది కళాభిమానము కాదు, సోమరితనము. చేతనున్న ఫోను చాలును. దగ్గుతో, కాకి కూతతో, చరణము మరచి నవ్విన నవ్వుతో సహా ఆ పాటను నేడే పట్టి భద్రపరుపుడు. మెరుగు పిమ్మటనైన పెట్టవచ్చును; ఆ గొంతు పిమ్మట దొరకదు.